యంత్రసాక్షికి తజ్కియా చేసేదెవరు?

ఇంజనీరింగ్ చదివిన మన పిల్లల ముందుకు అరుదుగానైనా ఒక ఉద్యోగం వస్తోంది. పోలీసులు, కోర్టులు, ఫోరెన్సిక్ ప్రయోగశాలలు వాడే యంత్రాలు ఎలా ఉండాలి, వాటిని ఎలా పరీక్షించాలి, ఎంత పొరపాటు వరకు సహించవచ్చు అన్న విషయాలపై ప్రభుత్వానికి సాంకేతిక సలహా ఇచ్చే పని అది. ఆ సంగతి ఇంట్లో చెప్పగానే పెద్దల నుంచి రెండు మాటలు వస్తాయి. "బేటా, పోలీసుల వ్యవహారం మనకెందుకు? కంపెనీలో చేరు, లేదంటే దుబాయ్ పో" అన్నది మొదటిది. దానికి జవాబు ఎవరి ఇంట్లో వారు చెప్పుకోవచ్చు. రెండో మాట అలా తోసిపుచ్చదగింది కాదు. "ఆ కెమెరాలు, ఆ కంప్యూటర్లు రేపు మన పిల్లల మీదికే వస్తాయి. వాటికి చేయూతనివ్వడం జుల్ముకు సాయపడటం కాదా? షరీఅత్ ఏమంటుంది?" జనగామలో జుమా నమాజు తర్వాత మసీదు మెట్ల మీద వినిపించే ప్రశ్నల్లో ఇదీ ఒకటి. దీన్ని కొంచెం వివరంగానే చూడాలి.

ముందు ఆ పని ఏమిటో తెలుసుకుందాం. జనగామ వ్యవసాయ మార్కెట్‌కు వడ్లు, పత్తి తెచ్చే రైతుకు ఇది సులువుగా అర్థమవుతుంది. కాంటా ఎంత కొత్తదైనా, వ్యాపారి ఎంత నమ్మకస్తుడైనా, తూనికలు కొలతల శాఖ ముద్ర లేకుండా ఆ కాంటాతో తూచడం చట్టవిరుద్ధం. ఎలక్ట్రానిక్ కాంటాకైతే ఏడాదికోసారి మళ్ళీ తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. ఏ బరువు మీద ఎంత తేడా సహించవచ్చో, దాన్ని ఎలా పరీక్షించాలో రాసిపెట్టిన ఇంజనీరు ఒకడు ఆ ముద్ర వెనుక ఉన్నాడు. రైతు అతణ్ణి ఎన్నడూ చూడడు, పేరు కూడా వినడు. కానీ బస్తా బస్తాకూ అతని చేయి రైతును కాపాడుతూనే ఉంటుంది. తూకంలో మోసం చేసేవారి వినాశనం గురించి దివ్యఖుర్ఆన్‌లో ఒక పూర్తి సూరాయే అవతరించింది, అల్ ముతఫ్ఫిఫీన్ అన్న పేరుతో. మన పూర్వీకుల నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరిగి రాళ్ళను, కొలపాత్రలను పరీక్షించేవాడు.

ఇదే పద్ధతి ఇప్పుడు పోలీసు యంత్రాల దగ్గరికి మెల్లగా చేరుతోంది. మన ఊరి మీదుగా వెళ్ళే వరంగల్-హైదరాబాద్ రహదారి వంటి చోట్ల వాహనాల వేగం కొలిచే రాడార్ పరికరాలకు కూడా తూనికలు కొలతల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. అవి 2025 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఆ పరికరాన్ని కూడా పరీక్షించి, ముద్ర వేసిన తర్వాతే వాడాలి. అలాగే కొత్త సీసీ కెమెరాలను బయటివారు కంప్యూటర్ దారిన చొరబడి తమ చేతిలోకి తీసుకోగలరా లేదా అని ప్రయోగశాలలో పరీక్షించాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది. సంతోషమే. వడ్లకు ముద్ర ఉంది, వేగానికి ముద్ర వచ్చింది, కెమెరాకు తాళం కూడా వచ్చింది. ఆ కెమెరా ఒక ముఖాన్ని చూపి "వీడే" అన్నప్పుడు ఆ మాటకు ముద్ర ఎక్కడుంది?

ఈ రంగం మనకు కొత్తేమీ కాదు. ప్రపంచంలోనే మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో మొదలైంది. దాన్ని నిలబెట్టిన పద్ధతికి బ్రిటిష్ పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు, నేటికీ పాఠ్యపుస్తకాల్లో అది హెన్రీ పద్ధతే. కానీ దాని లెక్క కట్టింది ఖాజీ అజీజుల్ హక్. ఖుల్నా ప్రాంతంలో పుట్టి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివి, సబ్ ఇన్‌స్పెక్టరుగా పోలీసు శాఖలో చేరిన యువకుడు. ఆయనతో పాటు పనిచేసినవాడు హేమచంద్ర బోస్.

వేలాది మంది వేలిముద్రల కాగితాలు కుప్పగా పడి ఉంటే, కొత్తగా వచ్చిన ఒక కాగితానికి జోడీ అందులో ఉందో లేదో వెతకడం ఎలా? అజీజుల్ హక్ పది వేళ్ళను ఐదు జంటలు చేశాడు. సుడి తిరిగిన గుర్తు ఉన్న వేలికి మొదటి జంటలో 16, రెండో దానిలో 8, ఆపైన 4, 2, 1 చొప్పున విలువ ఇచ్చాడు. ప్రతి జంటలోని ఒక్కొక్క వేలిని ఒక్కొక్క వైపు వేసి రెండు మొత్తాలు కట్టి, ఒక్కొక్కదానికి ఒకటి కలిపితే భిన్నం ఒకటి తయారవుతుంది. అలా 32ను 32తో గుణిస్తే 1024 గూళ్ళు. ఏ కాగితమైనా నేరుగా తన గూటికి వెళ్ళి కూర్చుంటుంది. గుమాస్తా కుప్పంతా తిరగేయనక్కరలేదు. 1901లో లండన్‌లోని స్కాట్లండ్ యార్డ్ ఈ పద్ధతినే తీసుకుంది. అజీజుల్ హక్‌కు ఖాన్ బహదూర్ బిరుదు, ఐదువేల రూపాయల పారితోషికం దక్కాయి. ఆయన 1935లో బిహార్‌లోని మోతిహారీలో కన్నుమూశారు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎందుకు లేదో పుస్తకాలు రాసేవారే చెప్పాలి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అజీజుల్ హక్ లెక్క ఏ గూట్లో వెతకాలో మాత్రమే చెబుతుంది. ఆ గూట్లోని కాగితం ఫలానా మనిషిదేనని తేల్చేది పక్కపక్కన పెట్టి చూసే కన్ను. ఈ రెండూ ఒకటి కావు. ఈ తేడా మరిచినచోట ఏమైందో చూడండి.

2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్ళలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. అక్కడ దొరికిన ఒక ప్లాస్టిక్ సంచి మీద వేలిముద్ర ఉంది. దాన్ని అమెరికా ఎఫ్.బి.ఐ. తన కంప్యూటర్‌లో వేస్తే, పోలిక ఉన్న ఇరవై మంది జాబితా వచ్చింది. అందులో ఒకడు ఆరిగాన్ రాష్ట్రంలోని న్యాయవాది బ్రాండన్ మేఫీల్డ్. ఇస్లాం స్వీకరించినవాడు, భార్య ఈజిప్టులో పుట్టిన ముస్లిం. ఎఫ్.బి.ఐ. నిపుణులు ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు "ఇతనిదే" అన్నారు. స్పెయిన్ పోలీసులు ఏప్రిల్‌లోనే "ఇది కలవడం లేదు" అని చెప్పినా వినిపించుకోలేదు. మే 6న అరెస్టు చేశారు. కోర్టు నియమించిన వేరే నిపుణుడు కూడా అదే మాటన్నాడు. చివరికి ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని స్పెయిన్ తేల్చింది. మే 20న మేఫీల్డ్‌ను విడిచిపెట్టారు, ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పింది. 2006లో అమెరికా ప్రభుత్వం 20 లక్షల డాలర్లు చెల్లించింది.

ముస్లిం కాబట్టే పట్టుకున్నారని తేలికగా అనేయవచ్చు. విచారణ జరిపిన అధికారులు అంతకంటే జాగ్రత్తగా మాట్లాడారు. మొదట ముద్ర చూసినవారికి అతని మతం తెలియదు. కంప్యూటర్ దగ్గరి పోలికను చూపింది, కన్ను దాన్ని నమ్మింది. అతనెవరో తెలిసిన తర్వాత మాత్రం, తమ మాటను మళ్ళీ సరిచూసుకోవాలన్న ఆలోచనకు ఆ సంగతి అడ్డుపడి ఉండవచ్చని వారు రాశారు. యంత్రం పొరపాటు మీద మనిషి దురభిప్రాయం తాళం వేసిందన్నమాట. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 'నిస్ట్' నిపుణులను కూర్చోబెట్టి 2012లో ఒక నివేదిక తెప్పించింది. మా పద్ధతిలో పొరపాటుకు చోటే లేదని ఏ నిపుణుడూ సాక్ష్యం చెప్పరాదని అందులో ఉంది. ఇంతకుముందు ఆ మాట కోర్టుల్లో ధైర్యంగా చెప్పేవారు!

మదరసాలో ఫిఖహ్ చదివినవారికి ఈ చర్చ వినగానే ఒక అధ్యాయం గుర్తుకు రావాలి. అరబ్బుల్లో ఖాయిఫ్ అనే నిపుణులు ఉండేవారు. పాదాలు, రూపురేఖలు చూసి ఎవరు ఎవరి సంతానమో చెప్పేవారు. హజ్రత్ జైద్ (రజి) తెల్లనివారు, కుమారుడు హజ్రత్ ఉసామా (రజి) నల్లనివారు కావడంతో కొందరు చెడుమాటలు అనేవారు. ఒకనాడు ఇద్దరూ దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నారు. పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. ముద్లిజ్ తెగకు చెందిన ఖాయిఫ్ ఒకరు అటు వచ్చి, ఆ పాదాలు ఒకే రక్తానివని చెప్పారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఎంతో సంతోషంతో ఇంటికి వచ్చారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దీన్ని ఆధారం చేసుకుని షాఫియీ, మాలికీ, హంబలీ ధర్మవేత్తలు వంశ నిర్ధారణలో ఖాయిఫ్ మాటను కొన్ని షరతులతో ఒప్పుకున్నారు. మన హనఫీ ఇమాములు ఒప్పుకోలేదు. పోలిక పోలికే, దానితో హక్కులు తేల్చలేమన్నారు.

ఒప్పుకున్నవారైనా ఊరికే ఒప్పుకోలేదు. ఖాయిఫ్ పరీక్షకు నిలిచినవాడై ఉండాలని షాఫియీ గ్రంథాలు అంటాయి. ఆ పరీక్ష ఎలాంటిదో వినండి. ఒక బిడ్డను అతని ముందు పెట్టి కొందరు స్త్రీలను వరుసగా నిలబెడతారు. వారిలో ఆ బిడ్డ తల్లి ఉండదు. ఇలా మూడుసార్లు చేస్తారు. నాలుగోసారి నిలబెట్టే వరుసలో మాత్రమే తల్లి ఉంటుంది. మూడుసార్లూ "వీరిలో లేదు" అని చెప్పి, నాలుగోసారి తల్లిని సరిగ్గా చూపితేనే అతని మాటకు విలువ. తల్లి ఉన్న వరుసలో తల్లిని గుర్తించడం సగం విద్యే. తల్లి లేని వరుసలో ఎవరో ఒకరిని చూపకుండా నోరు కట్టుకోవడం మిగతా సగం. నేటి ఇంజనీర్లు యంత్రాలకు పెట్టే పరీక్షలో అత్యంత ముఖ్యమైన భాగం ఇదే. అసలు మనిషి జాబితాలో లేనప్పుడు యంత్రం ఎన్నిసార్లు వేరొకరిని చూపుతుంది అన్నదే వారు కొలుస్తారు. మన ధర్మవేత్తలు కంప్యూటర్ లేని కాలంలో ఈ లెక్కను పట్టుకున్నారంటే గొప్పలు పోవడానికి కాదు, ఆ బుద్ధిని మళ్ళీ వాడుకోవడానికి చెబుతున్నాం.

2019 డిసెంబరులో నిస్ట్ సంస్థ ముఖాలను గుర్తుపట్టే 189 సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించి ఫలితాలు బయటపెట్టింది. ఒకరిని మరొకరిగా పొరబడటం అన్ని జాతుల వారి విషయంలో ఒకేలా లేదు. ఆఫ్రికా, తూర్పు ఆసియా వారి ముఖాల దగ్గర అనేక సాఫ్ట్‌వేర్‌లు తూర్పు యూరపు వారికంటే పది నుంచి వంద రెట్లు ఎక్కువగా పొరబడ్డాయి. చైనాలో తయారైన కొన్నింటిలో మాత్రం తూర్పు ఆసియా ముఖాల విషయంలో ఆ లోపం కనిపించలేదు. అంటే యంత్రం ఏ ముఖాలను చూస్తూ పెరిగిందో ఆ ముఖాలే దానికి తెలుస్తాయి. ఈ నిజాన్ని బయటికి తెచ్చింది ఊరేగింపు కాదు, ధర్నా కాదు. ప్రభుత్వ జీతం తీసుకుంటూ ప్రభుత్వం కొనే వస్తువులోని లోపాన్ని అంకెలతో రాసిన ఇంజనీర్లు.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. తెలంగాణ పోలీసులు 2018 నుంచి ముఖ గుర్తింపు పద్ధతిని తమ యాప్‌లో వాడుతున్నారు. 'నేను సైతం' కార్యక్రమంలో వీధి వీధినా వెలిసిన కెమెరాలకు మనమూ చందాలిచ్చాం, ఇవ్వడంలో తప్పు లేదు, దొంగల భయం అందరికీ ఉంది. 2021లో హైదరాబాద్ పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని ఫోటో తీసుకున్నారు. ఏ చట్టం ప్రకారం తీశారని ఆయన హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆ మరుసటి ఏడాది మెదక్‌లో ఇంకా బాధాకరమైన సంఘటన జరిగింది. గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరా దృశ్యంలోని మనిషిని పోలి ఉన్నాడన్న అనుమానంతో ఒక ముస్లిం కూలీని పోలీసులు పట్టుకెళ్ళారు. తర్వాత విడిచిపెట్టారు. 2023 ఫిబ్రవరిలో అతను గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టడం వల్లనేనని కుటుంబం ఆరోపించింది, హైకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. కొట్టడాన్ని ఏ సాంకేతిక ప్రమాణమూ ఆపలేదు, అది వేరే నేరం. కానీ పోలిక అన్నది వెతకడానికి దారి మాత్రమే, సాక్ష్యం కాదు అన్న నియమం కాగితం మీద గట్టిగా ఉండి ఉంటే పట్టుకెళ్ళే ముందు ఒక్క ప్రశ్న అయినా ఎదురయ్యేది. ఈ ఒక్క విషయంలో మా అభిప్రాయం హనఫీ ఇమాముల వైపే మొగ్గుతుంది.

కెమెరా కంటే పేర్ల విషయం ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది, నిజానికి పెద్దది. పోలీస్ స్టేషన్, కోర్టు, జైలు, ఫోరెన్సిక్, ప్రాసిక్యూషన్ ఐదింటి కంప్యూటర్లను కలిపే ఏర్పాటు దేశమంతటా సాగుతోంది. ఇందులో పోలీసుల ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు నేరుగా కోర్టు కంప్యూటర్‌కు చేరే పద్ధతి 2018 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలైంది మన వరంగల్ కోర్టులోనే. ఒకచోట తప్పు పడితే అన్నిచోట్లా అదే తప్పు నడుస్తుంది. ఇప్పుడు మన ఇళ్ళలోని కాగితాలు తీసి చూడండి. ఒకే మనిషి రేషన్ కార్డులో ఎం.డి. గౌస్, ఓటరు కార్డులో మహ్మద్ గౌస్, పదో తరగతి సర్టిఫికెట్లో మొహమ్మద్ గౌసుద్దీన్. అదే పేరున్నవారు ఒక్క జనగామలోనే ఎందరో ఉంటారు. 'ఎం.డి.' అంటే ఇక్కడ వైద్య పట్టా కాదని, ముహమ్మద్ అని, దాన్ని పేరుగా లెక్కవేసి పోల్చకూడదని కంప్యూటర్‌కు నియమం రాసే గదిలో చెప్పేదెవరు? బేగం, బీ అన్నవి ఇంటిపేర్లు కావని చెప్పేదెవరు? ఆ గదిలో మన ఇంటి పిల్ల ఒకతె కూర్చుంటే ఐదు నిమిషాల్లో తేలే సంగతి, ఎవరూ లేకపోతే ఐదేళ్ళ కోర్టు తిరుగుడుగా మారుతుంది.

ప్రమాణం అంటే పోలీసులకు బలం పెంచేదే అనుకోవడమూ సరికాదు. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. గేటు దగ్గర, లాకప్‌లో, వరండాలో ఎక్కడెక్కడ ఉండాలో, చీకట్లో కూడా కనబడాలని, బొమ్మతో పాటు మాట కూడా రికార్డు కావాలని, రికార్డు 18 నెలలు నిలవ ఉండాలని తీర్పులోనే రాసింది. అది చదివితే న్యాయమూర్తి తీర్పులా కాక ఇంజనీరు రాసిన పత్రంలా ఉంటుంది. లాకప్‌లోని మనిషికి ఆ కెమెరాయే సాక్షి. కానీ అది పనిచేస్తోందా, గడియారం సరిగా ఉందా, రికార్డును మధ్యలో ఎవరైనా తుడిచారా అని చూడటానికి మళ్ళీ ఒక ఇంజనీరు కావాలి. గడియారం మాట తేలిక కాదు. మసీదు గడియారం పది నిమిషాలు ముందుంటే రోజా చెడుతుంది. కెమెరా గడియారం పది నిమిషాలు తప్పితే, ఆ వేళకు తాను వేరేచోట ఉన్నానని చెప్పుకునే నిర్దోషి మాట చెడుతుంది.

2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, మరో భాగం నిపుణుడు నింపాలి. రికార్డుకు 'హ్యాష్' అనే అంకె కూడా రాయాలి. ఆ తర్వాత ఒక్క అక్షరం మారినా అంకె మారిపోతుంది. అప్పుపత్రం రాయించి, ఇద్దరు సాక్షులను పెట్టమన్న అల్ బఖరా సూరాలోని ఆజ్ఞ తెలిసిన మనకు ఇది వింతగా తోచదు.

ఇక ధర్మసందేహం. ఇస్లామీ న్యాయస్థానంలో సాక్షి నోరు విప్పితే చాలదు, అతను నమ్మదగినవాడా కాదా అని విచారించాలి. దాన్నే తజ్కియా అంటారు. నేరస్థుడని పేరు పడనంత వరకు సాక్షిని పైపై నడవడిని బట్టి నమ్మవచ్చని కొన్ని వ్యవహారాల్లో ఇమాం అబూ హనీఫా (రహ్మ) అన్నారు. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ కాదన్నారు. కాలం మారింది, బహిరంగంగానూ రహస్యంగానూ విచారించాల్సిందేనన్నారు. ఫత్వా వారి మాట మీదే నిలిచింది. ఈ కాలపు కొత్త సాక్షి యంత్రం. దానికి తజ్కియా చేసేవాడే ఈ ప్రమాణాల సలహాదారు. ఈ పని జుల్ముకు సాయం ఎలా అవుతుంది? తెలియని విషయం వెంట పోవద్దని, తీసుకొచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా ఒక సమూహం మీద పడవద్దని ఖుర్ఆన్ చెప్పిన దానికి ఇది ఆచరణ. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) విశ్వాసి కాని రాజు కొలువులో ధాన్యాగారాల బాధ్యత తానే అడిగి తీసుకున్నారు, తనకు కాపాడే గుణం, తెలివి ఉన్నాయని చెప్పి. ఇలాంటి కొలువు ధర్మసమ్మతమేనని చెప్పడానికి ధర్మవేత్తలు ఆ ఘట్టాన్నే చూపారు.

షరతులు లేవని కాదు. యంత్రం అమ్మే కంపెనీ నుంచి ఒక్క కప్పు చాయ్ కూడా తీసుకోరాదు. పరీక్షలో తప్పిన యంత్రానికి "పనికిరాదు" అని రాసే ధైర్యం ఉండాలి, రాసినందుకు బదిలీ అయితే పెట్టె సర్దుకోవాలి. ఇతరుల గుట్టు వెతకవద్దన్న అల్ హుజురాత్ ఆజ్ఞ కూడా ఇక్కడ వర్తిస్తుంది. నేరంతో సంబంధం లేనివారి ఇళ్ళ మీద, మసీదుల మీద, ధర్నాల మీద నిఘాకు యంత్రాన్ని మలచమంటే చేయలేనని చెప్పాలి. మనవారి మీద కేసు అయితే ఒక ముద్ర, ఇతరుల మీద అయితే మరో ముద్ర వేసేవాడు ఈ పనికి తగడు. అతనికి జీతం హరాం అనడానికి ముఫ్తీ దాకా పోనక్కరలేదు.

ఇంట్లో కేసు భారం మోస్తున్నవారికి ఒక ముఖ్యమైన మాట. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం కింద పోలీసులు వేలిముద్రలు, ఫోటోలు, కనుపాప గుర్తులు తీసుకోవచ్చు. వాటిని 75 ఏళ్ళు దాచే అధికారం జాతీయ నేర రికార్డుల సంస్థకు ఉంది. అయితే ఇంతకుముందు శిక్ష పడనివారు కేసులో నిర్దోషిగా విడుదలై, అప్పీళ్ళన్నీ ముగిస్తే, కోర్టు వేరేగా చెప్పనంత వరకు ఆ రికార్డులను తొలగించాలని అదే చట్టం చెబుతోంది. విడుదలైన రోజు దండలు, మిఠాయిలతో ఆగకుండా, ఈ విషయం మీ వకీలుతో మాట్లాడండి.

ఈ దారిలోకి రాదలచిన పిల్లలకు దూరం పోనక్కరలేదు. కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, డీఎన్ఏ పరీక్షల కేంద్రం సి.డి.ఎఫ్.డి., భారతీయ ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. కార్యాలయం మూడూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ చదివినవారితో పాటు గణాంకశాస్త్రం చదివినవారి అవసరం ఇక్కడ చాలా ఉంది. బి.ఎస్సీ.లో ఆ సబ్జెక్టు తీసుకుంటే ఏం లాభమని ఆడపిల్లలను మానిపించే తండ్రులు ఇది గమనించాలి. ఉద్యోగం వచ్చేదాకా ఆగనక్కరలేదు కూడా. బి.ఐ.ఎస్. ఏ కొత్త ప్రమాణం చేసినా ముందు ముసాయిదాను ప్రజల ముందు పెడుతుంది, గడువులోగా ఎవరైనా అభిప్రాయం రాసి పంపవచ్చు. కెమెరాల మీదో, ముఖ గుర్తింపు మీదో ముసాయిదా వచ్చినప్పుడు మన కాలేజీ పిల్లలు నలుగురు కూర్చుని చదివి, పొరపాటు లెక్క ఎక్కడ రాశారో, రాయకపోతే ఎందుకు రాయలేదో అడుగుతూ ఒక ఉత్తరం పంపితే చాలు. ఉత్తరం ఇంగ్లీషులో రాయడానికి సాయం కావాలంటే జనగామలో ఉపాధ్యాయులకు కొదవ లేదు.